డీల్ మన వెంట పడితే ఒక లెక్క, మనం డీల్ కోసం కాపు కాస్తే ఇంకో లెక్క

పోయిన ఆదివారం మా వదిన ఫోన్ చేసి "ఏమయ్యా, నీకు ఈ ఆఫర్లన్నీ తెలుసు కదా, మంచి మిక్సీ ఏదైనా తక్కువలో వస్తే ఒక లింకు పడెయ్" అంది, అంతలోనే వెనకనుంచి అన్నయ్య "కిండిల్‌లో పుస్తకాలు ఫ్రీగా ఎప్పుడొస్తాయో కూడా అడుగు" అని, వాళ్ళ అమ్మాయైతే ఏకంగా ఫోన్ లాక్కుని "బాబాయ్, డబ్బులు కట్టే యాప్స్ ఒక్కోరోజు ఫ్రీగా ఇస్తారంట కదా, నిజమేనా" అని. ముగ్గురికీ మూడు వేరే సమాధానాలు చెప్పాల్సొచ్చింది, గంటసేపు పట్టింది, రేపు ఇంకెవరైనా అడిగితే ఇదే పంపించేద్దాం అని కూర్చుని రాస్తున్నా.

డీల్స్ పట్టుకోడానికి దారులు పైకి వంద కనిపిస్తాయి గానీ కదిపి చూస్తే రెండే. ఒకటి, డీలే మన దగ్గరికి రావడం, అంటే టెలిగ్రామ్ ఛానల్, వాట్సాప్ గ్రూప్, యాప్ నోటిఫికేషన్, పొద్దున్నే వచ్చే ఈమెయిల్. రెండోది, మనకేం కావాలో మనమే ముందు రాసిపెట్టుకుని దాని రేటు మీద ఒక కన్నేసి ఉంచడం, అంటే విష్‌లిస్ట్, ప్రైస్ అలర్ట్, రేటు గ్రాఫ్. మొదటిదాంట్లో మజా ఉంటుంది, రెండోది పరమ బోరు. నేను మొదటి దారిలో నాలుగైదేళ్ళు బాగా తిరిగినవాణ్ణే, మా ఇంట్లో ఉన్న మూడు పవర్ బ్యాంకులు, ఒకే ఒక్కసారి వాడిన ఫుట్ మసాజర్, డబ్బా కూడా తెరవని స్క్రూడ్రైవర్ సెట్టు దానికి సాక్ష్యం. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగేస్తాం అని మనవాళ్ళు ఊరికే అనలేదు. అలాగని మొదటిది పూర్తిగా దండగ అనను. ఈ-బుక్స్‌కి అది పనికొస్తుంది, షాపింగ్‌కి రెండోదే కరెక్టు, యాప్స్‌కి వచ్చేసరికి రెండూ అంతంతమాత్రమే, అక్కడ వేరే జాగ్రత్తలు కావాలి.

పుస్తకాల సంగతి

ఈ-బుక్ డీల్‌లో తప్పు చేసినా పెద్దగా పోయేదేం లేదు. 49 పెట్టి కొన్న పుస్తకం నచ్చకపోతే ఒక బిర్యానీలో నాలుగో వంతు పోయినట్టు, అంతే, ఇంట్లో చోటు కూడా తినదు. అందుకే రోజూ వచ్చే లిస్టు చూసుకుని నచ్చింది కొనుక్కోవడం ఇక్కడ ఒప్పుకోవచ్చు. అమెజాన్ వాళ్ళ ఈ-బుక్ దుకాణం కిండిల్ స్టోర్ మన దేశంలో 2012లో మొదలైంది, అప్పట్నుంచీ రోజువారీ డీల్స్ పేజీ ఏదో ఒక రూపంలో నడుస్తూనే ఉంది. ఈమెయిల్‌లో కావాలంటే బుక్‌బబ్ ఉంది, అమెరికాలో 2012లో పెట్టింది, మనం దేశం దగ్గర ఇండియా అని పెట్టుకుని ఇష్టమైన రకాలు ఎంచుకుంటే ఆ రకాల్లో రేటు తగ్గినవే పంపిస్తుంది. కాకపోతే ఎక్కువగా ఇంగ్లీషు థ్రిల్లర్లు, రొమాన్స్‌లే.

అన్నయ్య అడిగిన ఫ్రీ పుస్తకాల కథ ఏంటంటే, సొంతంగా కిండిల్‌లో పబ్లిష్ చేసుకునే రచయితలు కేడీపీ సెలెక్ట్ అనే స్కీమ్‌లో చేరితే ప్రతి 90 రోజుల్లో 5 రోజులు తమ పుస్తకాన్ని ఫ్రీగా ఇవ్వొచ్చు. రోజూ కొత్తగా ఫ్రీ పుస్తకాలు పుట్టుకొచ్చేది ఎక్కువగా ఇక్కడ్నుంచే. అంటే అందులో సగానికి సగం మొదటి పుస్తకం రాసినవాళ్ళవి, సిరీస్‌లో మొదటి భాగం ఎరగా వేసినవాళ్ళవి. తప్పు పట్టట్లేదు, అందులోనూ మంచివి దొరుకుతాయి, కానీ పెద్ద పబ్లిషర్ వేసిన పేరున్న పుస్తకం ఫ్రీ అవుతుందేమో అని ఎదురుచూస్తే కళ్ళు కాయలు కాస్తాయి. నా కిండిల్‌లో అలా పోగుచేసినవి 300 పైన ఉన్నాయి, చదివినవి పదకొండు. లెక్కపెట్టుకున్నరోజు సిగ్గేసింది.

పెద్ద పబ్లిషర్ల పుస్తకాలకి మళ్ళీ రెండో దారే. అమెజాన్‌లో ఒక లిస్టు చేసుకుని కావాల్సిన పుస్తకాలన్నీ అందులో వేసెయ్యండి, తర్వాత ఎప్పుడు తెరిచినా లిస్టులో వేసినప్పటి రేటు కంటే ఎంత తగ్గిందో పక్కనే చూపిస్తుంది. 399 ఉన్నది 129కి, 99కి వచ్చిన సందర్భాలు నేనే చాలా చూశా. ఇంకోటి, ఆండ్రాయిడ్‌లో కిండిల్ యాప్‌లో కొనే బటన్ 2022లో తీసేశారు, చాలామంది యాప్‌లో వెతికి లేదేమో అనుకుంటారు, క్రోమ్‌లో సైటు తెరిచి కొంటే పుస్తకం తిన్నగా యాప్‌లోకి వచ్చేస్తుంది.

నెలనెలా చందా కట్టి అందులో ఉన్నవి ఎన్నైనా చదువుకునే కిండిల్ అన్‌లిమిటెడ్ తీసుకోవాలా, విడిగా డీల్స్‌లో కొనుక్కోవాలా అని అన్నయ్య నాతో వాదన పెట్టుకున్నాడు. కిండిల్ అన్‌లిమిటెడ్ నెలకి 169, ఏడాదికి 2,028. డీల్‌లో వచ్చే పుస్తకం సగటున 80 అనుకుంటే అదే డబ్బుతో ఏడాదికి పాతిక పుస్తకాలు కొనుక్కోవచ్చు, అవి లైబ్రరీలో ఉండిపోతాయి. అన్‌లిమిటెడ్‌లో చందా ఆపిన రోజు అన్నీ వెళ్ళిపోతాయి, పైగా పెద్ద పబ్లిషర్లవి అందులో తక్కువ. నెలకి నాలుగైదు నవలలు నమిలి పారేసేవాళ్ళకి, ముఖ్యంగా సిరీస్‌లు చదివేవాళ్ళకి చందా లాభం. అన్నయ్యలాగా రెండు నెలలకో పుస్తకం, అదీ నిద్ర పట్టకపోతే చదివేవాళ్ళకి చందా అంటే జిమ్ మెంబర్‌షిప్ లాంటిదే, కట్టామన్న తృప్తి తప్ప ఏం లేదు.

"లైబ్రరీలో ఉండిపోతాయి" అన్నాను గానీ దానిక్కూడా ఒక మెలిక ఉంది. మనం కొనేది పుస్తకం కాదు, చదువుకునే అనుమతి. 2009లో అమెరికాలో అమెజాన్ జనం కొనుక్కున్న పుస్తకాలని వాళ్ళ కిండిల్స్‌లోంచి దూరం నుంచే డిలీట్ చేసేసింది, హక్కుల్లేనివాడు అమ్మాడని, డబ్బులు వెనక్కిచ్చింది అనుకోండి. 2025 ఫిబ్రవరి 26 నుంచి కొన్న పుస్తకాన్ని కంప్యూటర్లోకి డౌన్‌లోడ్ చేసి యూఎస్‌బీతో ఎక్కించుకునే ఆప్షన్ కూడా పోయింది. మన ఫ్లిప్‌కార్ట్ కూడా ఒకప్పుడు ఈ-బుక్స్ అమ్మింది, గుర్తుందా, 2015 డిసెంబర్లో ఆపేసి కస్టమర్లని కోబో అనే ఇంకో ఈ-బుక్ కంపెనీకి మార్చింది. అందుకే నేను ఈ-బుక్‌కి 150 దాటి పెట్టను, అంతకంటే ఎక్కువైతే అచ్చు పుస్తకమే. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు, ఈ-బుక్‌కి ఉంది, 2018 దాకా 18 శాతం ఉండేది, తర్వాత అచ్చు ప్రతి ఉన్న వాటికి 5 శాతం చేశారు.

తెలుగు పుస్తకాలైతే అసలు ఈ డీల్స్ గొడవే వేరు. 2016 చివర్లో కిండిల్ స్టోర్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పెట్టారు, మనది లేదు, ఎనిమిది కోట్ల మంది మాట్లాడే భాషని ఎలా వదిలేశారో నాకిప్పటికీ అర్థం కాదు. గూగుల్ ప్లే బుక్స్‌లో తెలుగువి కొన్ని దొరుకుతాయి. ఒకప్పుడు కినిగె అనే తెలుగు ఈ-బుక్ సైట్‌లో కొనడమే కాకుండా అద్దెకి తీసుకునే పద్ధతి కూడా ఉండేది, నేను చాలా పుస్తకాలు అలా చదివా, అది నిజంగా మంచి ఐడియా. ఇప్పుడు సీరియల్ కథలు చదివేవాళ్ళకి ప్రతిలిపి ఉంది, అందులో కాయిన్స్ కొనుక్కుంటూ పోతే ఒక సీరియల్ అచ్చు పుస్తకం కంటే ఖరీదైపోతుంది, అక్కడ కాస్త చెయ్యి బిగపట్టండి.

తెలుగులో అసలైన డీల్ ఏంటంటే కాపీరైట్ అయిపోయినవి. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయాక 60 ఏళ్ళు దాటితే ఎవరైనా పంచుకోవచ్చు. గురజాడ పోయింది 1915, వీరేశలింగం గారు 1919, చిలకమర్తి 1946, వీళ్ళవి ఫ్రీగా దొరికితే అది దొంగ పీడీఎఫ్ కాదు, హక్కుగా మనదే. తెలుగు వికీసోర్స్‌లో శుభ్రంగా టైప్ చేసినవి ఉన్నాయి, ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు కుప్పలుగా ఉన్నాయి, పేర్లు ఇంగ్లీషు స్పెల్లింగుల్లో రకరకాలుగా ఎక్కించారు కాబట్టి ఒక్కో పుస్తకానికి మూడు నాలుగు స్పెల్లింగులు ట్రై చెయ్యాలి. చలం 1979లో పోయారు, శ్రీశ్రీ 1983లో, అంటే వాళ్ళవి ఇంకా కాపీరైట్‌లోనే ఉన్నట్టు, టెలిగ్రామ్‌లో తిరిగే పీడీఎఫ్‌లు డీల్ కిందకి రావు. పిల్లలకైతే ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు పూర్తిగా ఫ్రీ, డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీసుకున్నా అడిగేవాళ్ళు లేరు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఒక్క మాట, మీ ఊరి పబ్లిక్ లైబ్రరీ కార్డు ఉంటే లిబ్బీ యాప్‌లో ఈ-బుక్సు, ఆడియో బుక్సు అరువు తెచ్చుకోవచ్చు, దాన్ని మించిన డీల్ లేదు. కొనాలంటే ఈరీడర్‌ఐక్యూ అనే సైట్ ఒకటుంది, ఒక పుస్తకం రేటు ఇంతకి తగ్గితే చెప్పు అని పెట్టుకోవచ్చు. ఇక్కడున్నవాళ్ళు ఆ సైట్లలో చూసి 1.99 డాలర్లంట అని మురిసిపోతే ఉపయోగం లేదు, కిండిల్ అకౌంట్ ఏ దేశంలో ఉంటే ఆ దేశం రేటే పడుతుంది.

యాప్స్, ఇక్కడ ఫ్రీ అంటే భయపడాలి

మా చిన్నదాని డౌటు నిజమే, ప్లే స్టోర్‌లో డబ్బులు పెట్టి కొనే యాప్స్ కొన్ని, ముఖ్యంగా ఐకాన్ ప్యాక్‌లు, చిన్న చిన్న గేములు, అప్పుడప్పుడూ కొద్ది రోజులు జీరోకి ఇస్తారు, ఆ టైమ్‌లో ఒక్కసారి ఇన్‌స్టాల్ చేస్తే మన అకౌంట్‌లో కొన్నట్టే లెక్క, తర్వాత తీసేసినా మళ్ళీ ఎక్కించుకోవచ్చు. యాప్‌సేల్స్ అనే యాప్‌లో వాటి లిస్టు కనపడుతుంది, ఐఫోన్ వాళ్ళకి యాప్‌రేవెన్ ఉంది. చూడండి, తప్పులేదు. కానీ నిజం చెప్పాలంటే ఈ ఆటకి కాలం చెల్లింది. ఇదివరకు యాప్ అంటే 100 పెట్టి ఒకసారి కొనడం, ఇప్పుడు అంతా నెలనెలా చందా, పెట్టేటప్పుడు ఫ్రీ, లోపలికెళ్ళాక తలుపులన్నిటికీ తాళాలు. ఫ్రీ అయిన పది యాప్స్‌లో తొమ్మిది మనకి అక్కర్లేనివి, మిగిలిన ఒక్కదానికి యాడ్స్ తీసెయ్యాలంటే మళ్ళీ డబ్బులు.

ఇంకో పాత కథ చెప్తా. అమెజాన్ వాళ్ళ యాప్‌స్టోర్ ఆండ్రాయిడ్ ఫోన్లకి 2011లో వచ్చింది, రోజుకో పెయిడ్ యాప్ ఫ్రీ అని మొదలుపెట్టారు, అప్పట్లో దానికోసం పొద్దున్నే లేచి చూసేవాళ్ళు ఉండేవాళ్ళు, కొన్నేళ్ళకి ఆ రోజుకో యాప్ ఆపేశారు, చివరికి 2025 ఆగస్టు 20న ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ స్టోరే ఎత్తేశారు. ఏళ్ళ తరబడి పోగేసినవాళ్ళ లైబ్రరీ అంతా గాలికి. అందుకని ఒకే యాప్ రెండు చోట్ల దొరుకుతుంటే పది రూపాయలు ఎక్కువైనా ప్లే స్టోర్‌లో కొనండి.

కంప్యూటర్ గేములైతే మాత్రం ఎపిక్ గేమ్స్ స్టోర్ నిజంగానే వారం వారం గురువారం ఒకటైనా ఫ్రీగా ఇస్తుంది, 2018 డిసెంబర్ నుంచీ ఇస్తూనే ఉన్నారు, అకౌంట్ ఉన్నన్నాళ్ళూ మనదే. ల్యాప్‌టాప్ సాఫ్ట్‌వేర్‌కి గివ్‌అవే ఆఫ్ ద డే అనే సైట్ 2006 నుంచి ఉంది, రోజుకొకటి, కానీ ఆ రోజే ఇన్‌స్టాల్ చెయ్యాలి, అప్‌డేట్లు రావు, ల్యాప్‌టాప్ ఫార్మాట్ కొట్టామా అంతే సంగతులు. సరదాకి ఓకే, ఆఫీసు పనికి దాని మీద ఆధారపడొద్దు.

గూగుల్ ప్లే పాస్ అనే చందా 2022లో మన దగ్గరికొచ్చింది, నెలకి 99, యాడ్స్ లేకుండా బోలెడు గేములు. ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే ఫ్యామిలీ గ్రూప్‌లో పంచుకోవచ్చు కాబట్టి పర్లేదు, ఒక్కరే అయితే వేస్టు. దానికంటే నాకు నచ్చింది గూగుల్ ఒపీనియన్ రివార్డ్స్, ఫలానా షాపుకెళ్ళారా లాంటి చిన్న సర్వే, ఒక్కోదానికి మూడో ఐదో పదో పడతాయి, ఏడాదిలోపు వాడుకోవాలి, దాంతో ప్లే బుక్స్‌లో పుస్తకాలు కూడా కొనుక్కోవచ్చు. నేను జేబులోంచి పైసా తీయకుండా ఆరు పుస్తకాలు కొన్నా అలా. మనం ఎక్కడ తిరుగుతున్నామో వాళ్ళకి తెలుస్తుంది, ఆ బేరానికి ఇష్టమైతేనే.

ఇక అసలు దెబ్బ తగిలేది ట్రయల్ దగ్గర. "7 రోజులు ఫ్రీ, 1 రూపాయి మాత్రమే" అని యూపీఐ ఆటోపే పెట్టించుకుంటారు, మనం రెండ్రోజులు వాడి యాప్ తీసేస్తాం, తీసేస్తే చందా ఆగిపోయింది అనుకుంటాం. ఆగదు! నేనే ఒక ఇంగ్లీషు నేర్పే యాప్‌కి ఇలా మూడు నెలలు 299 చొప్పున సమర్పించుకున్నా, నాకు అంత ఇంగ్లీషు కూడా రాలేదు. ప్లే స్టోర్ ద్వారా అయితే అందులో సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్ళి, యూపీఐ అయితే మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అన్న చోటికి వెళ్ళి క్యాన్సిల్ కొట్టాలి. రిజర్వ్ బ్యాంకు 2021 అక్టోబర్ నుంచి ఇలాంటి ఆటోమేటిక్ కోతలకి 24 గంటల ముందు మెసేజ్ పంపాలని రూల్ పెట్టింది, ఆ మెసేజ్ మనం చదవం, అదీ సమస్య, ఎందుకంటే 15,000 లోపైతే మళ్ళీ ఓటీపీ కూడా అడగరు. ట్రయల్ మొదలుపెట్టిన నిమిషంలోనే క్యాన్సిల్ చేసెయ్యడం నా అలవాటు, ప్లే స్టోర్‌లో అయితే మామూలుగా ఏడు రోజులూ వాడుకోనిస్తారు.

టెలిగ్రామ్‌లో "ప్రీమియం అన్‌లాక్" అని ఇచ్చే ఏపీకే ఫైల్స్, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా యాప్‌ని నేరుగా ఫోన్‌లో ఎక్కించే ఫైళ్ళ జోలికి మాత్రం పోవద్దు. పెళ్ళి శుభలేఖ అని, ట్రాఫిక్ చలాన్ అని వాట్సాప్‌లో వచ్చే ఏపీకేలు నొక్కి బ్యాంకు ఖాళీ అయిన కేసులు మన దగ్గర చాలా చూస్తున్నాం, ఇదీ ఆ జాతే. ఖర్మకాలి డబ్బులు పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, ఎంత తొందరగా చేస్తే డబ్బుని మధ్యలో ఆపే ఛాన్సు అంత ఎక్కువ.

షాపింగ్, వదిన మిక్సీ

అసలు జనం ఎక్కువ మోసపోయేది ఇక్కడ, మోసం అనే మాట కూడా పెద్దదేమో, మనకి మనం లెక్క తప్పేది ఇక్కడ. వదిన పంపిన స్క్రీన్‌షాట్‌లో మిక్సీ ఎంఆర్‌పీ 6,999, దాని మీద గీత, పక్కన 3,499, సగానికి సగం తగ్గింపు, కింద ఎర్రగా "02 గంటల 14 నిమిషాలు". వదినకి చెయ్యి ఆగట్లేదు. నేను చేసిందల్లా ఆ లింకుని బైహట్కే అనే పాత రేట్లు చూపించే సైట్‌లో వేసి గ్రాఫ్ చూడటం. ఏడాదిగా ఆ మిక్సీ 3,299కీ 3,599కీ మధ్యలోనే ఊగుతోంది, 6,999కి ఒక్కరోజు కూడా అమ్మలేదు, జనవరిలో రిపబ్లిక్ డే సేల్ అప్పుడు మూడు రోజులు 2,849కి వెళ్ళింది. అంటే ఈరోజున్నది డీల్ కాదు, మామూలు రేటు, పైన ఒక గడియారం పెట్టారంతే.

ఇలా ఊరికే తొందరపెట్టడాన్ని, బుట్టలో మనకి తెలీకుండా వస్తువు దూర్చడాన్ని, చివర్లో ఛార్జీలు బయటపెట్టడాన్ని, చందా వదిలించుకోలేకుండా చెయ్యడాన్ని, ఇలాంటివి మొత్తం 13 రకాల్ని డార్క్ ప్యాటర్న్స్ అని పేరుపెట్టి కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబర్ 30న నిషేధించింది. కాగితం మీద నిషేధం ఉంది, గడియారాలు తిరుగుతూనే ఉన్నాయి. మరీ అన్యాయం అనిపిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లయింట్ ఇవ్వొచ్చు, తెలుగులో కూడా మాట్లాడతారు.

రేటు గ్రాఫ్ చూడ్డానికి రెండు బాగుంటాయి. అమెజాన్ ఒక్కటే అయితే కీపా, గ్రాఫ్ చాలా వివరంగా ఉంటుంది, కాకపోతే మొదటిసారి చూస్తే షేర్ మార్కెట్ తెరిచినట్టు ఉంటుంది. ఫ్లిప్‌కార్ట్ కూడా కావాలంటే బైహట్కే, మనవాళ్ళు పెట్టిందే, ఫోన్‌లో లింకు షేర్ చేస్తే చాలు. వదినలాంటి వాళ్ళకి బైహట్కేనే. గ్రాఫ్‌లో ముఖ్యంగా చూడాల్సింది ఏడాదిలో అతి తక్కువ రేటెంత, అది ఎన్నాళ్ళకోసారి వచ్చింది, సేల్‌కి ముందు వారంలో రేటు కొండెక్కిందా అని. ఎక్కి దిగితే అది తగ్గింపు కాదు. రంగు మారితే రేటు మారుతుంది, అందుకే మీరు కొనే రంగుకే గ్రాఫ్ చూడండి, ఎర్రది తక్కువలో ఉందని నల్లదానికి అలర్ట్ పెట్టి రెండు నెలలు ఎదురుచూశా నేను ఒకసారి. ఏ టూల్ లేకుండా కూడా ఒక పని చెయ్యొచ్చు, అమెజాన్‌లో వస్తువుని కార్ట్‌లో వేసి "సేవ్ ఫర్ లేటర్" కొట్టి వదిలెయ్యండి, తర్వాత కార్ట్ తెరిచినప్పుడు ఫలానాది ఇంత నుంచి ఇంతకి తగ్గింది, పెరిగింది అని పైన చెప్తుంది.

టెలిగ్రామ్ ఛానళ్ళ సంగతికొస్తే, వాళ్ళు పెట్టే ప్రతి లింకు వెనక కమిషన్ ఉంటుంది, మనం ఆ లింకు నొక్కి ఏం కొన్నా వాళ్ళకి కొంత పడుతుంది. అందులో తప్పేం లేదు, మనకి రేటు పెరగదు, కానీ రోజుకి 100 డీల్స్ పెట్టకపోతే వాళ్ళకి గిట్టుబాటు కాదు, రోజుకి 100 నిజమైన డీల్స్ ఈ భూమ్మీద లేవు. అందుకే "లూట్", "త్వరగా పట్టండి", "ప్రైస్ ఎర్రర్" అని అరుస్తుంటారు. ఆ ప్రైస్ ఎర్రర్లు, అంటే సైటువాడు పొరపాటున తక్కువ పెట్టిన రేట్లు కూడా సగం ఆర్డర్లు క్యాన్సిలే. ఒకసారి ఒక ఛానల్లో 249కి బ్లూటూత్ స్పీకర్ అంటే ఎగబడి కొన్నా, వచ్చింది అరచేతిలో సగం ఉంది, మాటలు వినిపిస్తాయి, పాట అని మాత్రం అనలేం. ఛానల్ కంటే జనమే డీల్స్ పెట్టి చర్చించుకునే దేశీడైమ్ లాంటి చోట కాస్త నయం, డీల్ పెట్టగానే పదిమంది "ఇది పోయినవారమే ఇంకా తక్కువలో వచ్చింది" అని తిట్టిపోస్తారు, ఆ తిట్లే మనకి సమాచారం.

ఇంకా కూపన్ సైట్లు ఉన్నాయి, మన హైదరాబాద్ కంపెనీ గ్రాబ్‌ఆన్ లాంటివి, క్యాష్‌బ్యాక్ సైట్లు ఉన్నాయి, 2013లో మొదలైన క్యాష్‌కరో లాంటివి. కూపన్లు బట్టలకి, ఫుడ్‌కి, రీఛార్జీలకి బాగా పనికొస్తాయి, మిక్సీకి ఫోన్‌కి పెద్దగా ఉండవు. క్యాష్‌బ్యాక్ సైట్ అంటే వాళ్ళకొచ్చే కమిషన్‌లో మనకి వాటా ఇవ్వడం, నిజమే, వస్తుంది, కానీ రిటర్న్ గడువు అయిపోయి అవతలి కంపెనీ ఖాయం చేసేదాకా ఆగాలి, నెలల్లో మాట, మధ్యలో వేరే లింకు నొక్కితే ట్రాక్ అవ్వదు. ఓపిక ఉన్నవాళ్ళ ఆట. అసలు లింకు ఎక్కడ్నుంచి వచ్చినా స్పెల్లింగ్ చూడండి, పండగ టైమ్‌లో ఒక అక్షరం తేడాతో దొంగ సైట్లు పుట్టుకొస్తాయి. నా పద్ధతి, డీల్ కనపడితే లింకు నొక్కను, యాప్ తెరిచి ఆ వస్తువు పేరు కొట్టి చూస్తా, అక్కడ ఆ రేటు లేకపోతే లేనట్టే.

సేల్ రోజుల్లో కొనాలా, మామూలు రోజుల్లోనా? ఫ్లిప్‌కార్ట్ సేల్ బిగ్ బిలియన్ డే మొదటిసారి 2014 అక్టోబర్ 6న పెట్టినప్పుడు సైట్ మూలపడి, స్టాకు లేక, రేట్లు పెంచి తగ్గించారని జనం తిట్టి, చివరికి ఫ్లిప్‌కార్ట్ ఫౌండర్లే సారీ చెప్తూ మెయిల్ పెట్టారు, అప్పట్నుంచి చాలా నేర్చుకున్నారు వాళ్ళు, మనమూ నేర్చుకోవాలి కదా. ఫోన్లు, టీవీలు, ఫ్రిజ్‌లు దసరా ముందు సేల్‌లోనే నిజంగా తగ్గుతాయి, పాత మోడల్ వదిలించుకోవాలి కాబట్టి. పప్పులు, సబ్బులు, డైపర్లు లాంటివి సేల్ కోసం ఆగడం దండగ. బట్టలకి మన ఆషాఢం ఉండనే ఉంది, ఆన్‌లైన్ రాకముందు నుంచీ మనకి తెలిసిన డీల్ సీజన్ అదే. ఆరోజుల్లో మా అమ్మ షాపువాడు తగ్గింపు రేటు చెప్తే "మొన్న మామూలు రోజు ఇంతే చెప్పావుగా" అని నిలదీసేది, రేటు గ్రాఫ్ ఆవిడ బుర్రలో ఉండేది.

బ్యాంకు కార్డు డిస్కౌంట్ దగ్గర ఒక లెక్క వేసి చూపిస్తా. 20,000 ఫోన్, కార్డు మీద 10 శాతం, అంటే 2,000 అనుకుంటాం, కింద చిన్న అక్షరాల్లో గరిష్టంగా 1,500 అని ఉంటుంది, సరే 18,500 అయింది. ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐ పెట్టుకుంటే చాలా బ్యాంకులు 199 ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 235 వేస్తాయి. వడ్డీని డిస్కౌంట్ రూపంలో వాళ్ళు భరించినా ఆ వడ్డీ మీద జీఎస్టీ మనమే కట్టాలి, 16 శాతం వడ్డీ లెక్కన అది ఇంకో 150 దాకా. అంటే 1,500 మిగులు కాస్తా 1,100 అయింది. ఫర్వాలేదు, ఇంకా లాభమే, కానీ ఆ కార్డు లేక పక్కింటాయన కార్డు అడుక్కుని, ఆయనకి తర్వాత డబ్బులిచ్చే మొహమాటం కూడా లెక్కలో వేసుకోవాలి. కార్డు బాకీ నెలలో కట్టలేనివాళ్ళు అసలు ఈ 10 శాతాల జోలికి పోవద్దు, ఒక్క నెల ఆలస్యమైతే పడే వడ్డీ, లేట్ ఫీజు ముందు ఈ ఆదా ఎందుకూ చాలదు.

మొత్తం మీద మీరు ఏ రకం మనిషి అన్నదాన్ని బట్టే ఇదంతా. పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్ళు బుక్‌బబ్ మెయిల్ ఒకటి, అమెజాన్ లిస్టు ఒకటి పెట్టుకోండి, చాలు, ఛానళ్ళు అక్కర్లేదు, తెలుగు పుస్తకాలకి మాత్రం డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం, పాత పుస్తకాలైతే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్, అక్కడ బేరం ఆడినంత హాయిగా ఏ యాప్‌లోనూ ఉండదు. యాప్స్‌కి డీల్స్ వెతకడం మానేసి ఉన్న చందాలు ఏరి పారెయ్యండి, అందులోనే ఎక్కువ మిగులుతుంది. ఏడాదికి నాలుగైదు వస్తువులు కొనే మామూలు ఇంటికి బైహట్కే అలర్టు సరిపోతుంది. నోటిఫికేషన్ చూస్తే చెయ్యి ఆగనివాళ్ళు, అంటే పాతరోజుల్లో నాలాంటివాళ్ళు, షాపింగ్ యాప్స్ అన్నిటికీ నోటిఫికేషన్లు ఆపెయ్యండి, ఛానళ్ళు వదిలెయ్యండి, మొదటి వారం ఏదో పోగొట్టుకుంటున్నట్టే ఉంటుంది.

వదిన మిక్సీకి 2,900 దగ్గర అలర్ట్ పెట్టి వచ్చా. పాత మిక్సీ జార్ లీకవుతోందంట, కింద పళ్ళెం పెట్టి నడిపిస్తోంది. దసరా సేల్ దాకా ఆగుతుందో, ఇడ్లీ పిండి రుబ్బే రోజు విసుగొచ్చి 3,499కే కొనేస్తుందో చూడాలి, కొనేసినా ఏమీ అనను, ఆరొందల తేడా కోసం మూడు నెలలు పళ్ళెం కడుక్కోవాల్సింది ఆవిడే కదా.